కమ్లి ఫొటోకు దండ

దేవ్‌సింగ్ ఎం.ఏ. సైకాలజీ మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. అదీ దూరవిద్యలో, ఇంట్లో కూర్చుని. పాసైతే పాసయ్యాడు, సంతోషమే. కానీ ఆ రోజు నుంచి పినపాక, భద్రాచలం మధ్య అతని బస్సెక్కిన మనిషికి మనశ్శాంతి లేకుండా పోయింది.

కండక్టరన్నవాడు టికెట్టు కొట్టి తన సీట్లో తాను కూర్చోవాలా వద్దా? ఇతను కూర్చోడు. కిటికీ పక్క సీటు కోసం ఎవరైనా పేచీ పెట్టుకున్నారనుకోండి, టికెట్ మిషన్ చంకలో పెట్టుకుని వాళ్ల మధ్య దూరి, "చిన్నప్పుడు నిన్ను చీకటి గదిల పెట్టి గొళ్లెం వేశిన్రా?" అని అడుగుతాడు. కిటికీ కోసం కొట్లాడినవాడు కాస్తా సిగ్గుపడి లేచి నిలబడతాడు.

ఒకసారి ఓ ముసలాయన సంచిలో కోడిపుంజును పెట్టుకుని ఎక్కాడు. సంచి కింద పెట్టమంటే పెట్టడు, ఒళ్లోనే పట్టుకుని నిమురుతున్నాడు. దేవ్‌సింగ్ పక్కన కూర్చుని చాలాసేపు చూశాడు. "తాతా, నీ ప్రేమ కోడి మీద గాదు. బిడ్డను అత్తగారింటికి తోలిన దుఃఖం లోపల ఉండిపోయింది. గదే గిట్ల కోడి మీదికొచ్చింది" అన్నాడు. ముసలాయన కళ్లు తుడుచుకుని, "అవ్ సారూ, బిడ్డ ఇంటికే పోతున్న. అల్లునికి కోసి పెడ్దామని" అన్నాడు. తను చెప్పిందే నిజమైందని దేవ్‌సింగ్ వారం రోజులు అందరికీ చెప్పుకున్నాడు. పోయేది పుంజు ప్రాణం కదా, దాని మనసులో ఏముందో మాత్రం అడగలేదు మహానుభావుడు.

బస్సులో వాళ్లకు ఇంత కథ ఉంటే, నాటకంలో వాళ్ల గతి ఏమిటో మీరే ఊహించండి.

పినపాకలో వీళ్లకో నాటక మండలి ఉంది. నలుగురైదుగురు మనుషులు, ఒక హార్మోనియం, రెండు తెరలు. అధ్యక్షుడు పిచ్చయ్య. వాళ్ల నాన్న కృష్ణాజిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నాడు, ఈయనకు ఇప్పుడు మిర్చి, పత్తి, పురుగుమందుల దుకాణం అన్నీ ఉన్నాయి. రిహార్సల్స్ ఆయన పాత పత్తి గోదాములోనే. పగిడయ్య అని ఇంకొకడు, రెండెకరాల రైతు, దేవ్‌సింగ్ అంటే ప్రాణం పెడతాడు. నాటకం రాసేది, ఆడించేది, అందులో హీరో వేషం కట్టేది మాత్రం దేవ్‌సింగే.

పదకొండేళ్లుగా వీళ్లు ఆడుతున్న నాటకం పేరు 'రాఘవులు తాళాలగుత్తి'. రాఘవులు భార్య పోయినవాడు. మొలకు తాళాలగుత్తి కట్టుకుని తిరుగుతాడు. ఇంట్లో ఒక గదికి ఎప్పుడూ తాళమే. తమ్ముడు సుబ్బులు ఆ గదిలో ఏముందో చూపించమని ప్రాణాలు తోడేస్తుంటాడు. చివరికి రాఘవులు తలుపు తీస్తాడు. లోపల ఏమీ ఉండదు. తెర పడుతుంది, జనం కాసేపు బిక్కమొహం వేసి తర్వాత చప్పట్లు కొడతారు.

మరి రాఘవులు ఆ గదికి తాళం ఎందుకు వేశాడు? ఈ ప్రశ్న ఒక్కటి చాలు, దేవ్‌సింగ్ రెండు గంటలు ఆగకుండా మాట్లాడగలడు. మనిషికి పైన కనబడే మనసొకటి, తనకే తెలియకుండా అడుగున ఉండేది ఇంకొకటి అని అతను చదువుకున్నాడు. పుస్తకంలో దాన్ని అచేతనం అన్నారు. ఆ మాట పగిడయ్యకు ఎక్కదని 'అడుగుమనసు' అని తనే పేరు పెట్టాడు. "మనిషి ఏ పనైనా అడుగుమనసు చెప్పినట్టే చేస్తడు. చేశినంక పైమనసు ఓ సాకు ఎతుక్కుంటది. గా సాకునే మనం నిజమనుకుంటం" అనేది అతని సిద్ధాంతం. రాఘవులు చిన్నప్పుడు వాళ్లమ్మ బెల్లం పెట్టెకు తాళం వేసి వీడికి పెట్టకుండా ఏడిపించిందట. ఆ కసి కొద్దీ పెద్దయ్యాక గదికి తాళం వేశాడట. నాటకంలో బెల్లం ఊసే లేదు. "లేదు గాబట్టే అది అడుగున ఉంది" అంటాడు.

వేషం కట్టే ప్రతివాడూ ముందు గోదాములోని నులకమంచం మీద వెల్లకిలా పడుకుని, తన పాత్ర బాల్యం చెప్పాలి. ఇది మండలి నియమం.

"నువ్వు సుబ్బులువు. నీకు ఆరేండ్లప్పుడు ఏమైంది?" అని అడిగాడు ఒకరోజు పగిడయ్యను.

పగిడయ్య ఆ రోజంతా పొలంలో పురుగుమందు కొట్టి కొట్టి వచ్చాడు. నులక వీపుకు తగలగానే కళ్లు మూతలుపడ్డాయి. గురక మొదలైంది.

"చూశిన్రా!" అన్నాడు దేవ్‌సింగ్ గుసగుసగా, కళ్లు మెరుస్తుండగా. "జవాబు చెప్పలేక నిద్రలకు పారిపోయిండు సుబ్బులు."

పిచ్చయ్యది డాక్టరు వేషం. ఆయన మంచం దగ్గరికి రానేలేదు. "నాకున్నవి రెండు డైలాగులండీ సింగుగారూ. 'జ్వరం తగ్గింది', 'రేపొస్తాను'. వీటిక్కూడా బాల్యం కావాలా?" అన్నాడు చేతులు జోడించి. దేవ్‌సింగ్ వదల్లేదు. 'రేపొస్తాను' అనడంలో ఇవాళ ఉండలేని భయం ఉందని తేల్చాడు.

ఈ విశేషాలన్నీ రోజూ ఇంటికొచ్చి అన్నం తింటూ భార్యకు చెప్పేవాడు. ఆమె పేరు కమ్లి. అంగన్‌వాడీ టీచరు. ఇరవై ఆరేళ్ల సంసారం, కొడుకూ కూతురూ చదువులకు ఖమ్మం వెళ్లిపోయారు, ఇంట్లో ఇద్దరే. కమ్లి పప్పు వడ్డిస్తూ, గుడ్ల లెక్క రాసుకుంటూ, ఊఁ కొడుతూ అన్నీ వినేది. వింటుందో లేదో అతను ఎప్పుడూ చూసుకోలేదు. ఒక్కసారి మాత్రం తలెత్తి, "గా రాఘవులు పెండ్లాం పేరేంది?" అని అడిగింది.

"పేరెందుకు? సచ్చిపోయింది గద" అన్నాడు, పెరుగు కలుపుకుంటూ.

కమ్లి మళ్లీ గుడ్ల లెక్కలో పడింది.

నాటకంలో ఆ భార్య ఎందుకు చనిపోయిందంటే, పినపాకలో వేషం కట్టడానికి ఆడమనిషి దొరకదు కనుక. ఖమ్మం నుంచి పిలిపించాలి, రిహార్సల్స్‌కు రప్పించాలి, అడవి దారిలో ఆఖరి బస్సు వెళ్లేలోపల తిప్పి పంపాలి. అంత తతంగం ఎవడు పడతాడు? చంపేస్తే ఒక ఫొటోతో సరిపోతుంది. అందుకే తెర లేవగానే గోడకు దండ వేసిన ఫొటో ఉంటుంది, దాని ముందు నిలబడి రాఘవులు పన్నెండు నిమిషాలు ఏడుస్తాడు.

ఆ పన్నెండు నిమిషాలే నాటకానికి ప్రాణం. "నువ్వున్నన్నాళ్లూ నీతో మాట్లాడ్డం చేతకాలేదు, ఇప్పుడు మాట్లాడదామంటే నువ్వు లేవు" అని దేవ్‌సింగ్ అందుకున్నాడంటే, ముందు వరసలో ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకునేవాళ్లు.

చిక్కల్లా ఫొటో దగ్గర వచ్చింది. మొదటి ఏడు క్యాలెండరులో సినిమా తార బొమ్మ కత్తిరించి పెట్టారు. తెర లేవగానే కుర్రకారు ఈలలు వేసి గోల చేశారు. రెండో ఏడు పగిడయ్య తన భార్య నాగలత ఫొటో అడిగి చూశాడు. బతికున్న మనిషి ఫొటోకు దండ వేస్తారా అని ఆమె ఒంటికాలి మీద లేచింది, చేతిలో చాట కూడా ఉంది. ఊళ్లో ఏ ఆడమనిషీ ఇవ్వదు, ఏ మగవాడూ అడగడు. అప్పుడు దేవ్‌సింగ్ చడీచప్పుడు లేకుండా కమ్లి పెళ్లయిన కొత్తలోని ఫొటో ఒకటి మణుగూరు స్టూడియోకు తీసుకుపోయి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించాడు. ఫ్రేము పగిడయ్య ఇంట్లో, మంచం కింద ట్రంకుపెట్టెలో ఉండేది. కమ్లికి తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే నాటకం ఆడేది పొరుగూళ్లలో, ఆమె ఎప్పుడూ చూడలేదు. వస్తానన్నప్పుడల్లా, "ఆడోళ్లు కూసునే జాగ ఉండది" అనేవాడు.

పదేళ్లు ఇలాగే గడిచిపోయాయి. పదకొండో ఏట ఖమ్మంలో నాటక పోటీలు పెట్టినవాళ్లు, ప్రదర్శనలన్నీ ఫోన్లో లైవ్ వస్తాయని ప్రకటించారు. దేవ్‌సింగ్ పొంగిపోయి లింకు తనకు తెలిసిన గ్రూపులన్నింటికీ పంపించాడు. అందులో బామ్మర్ది కోటేష్ వాళ్ల తండా గ్రూపు కూడా ఉంది. తన గొయ్యి తనే తవ్వుకున్నాడన్నమాట.

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు తండాలో కోటేష్ ఇంటి ముందు ఇరవై మంది చేరారు. అడవి లోపలి తండా. సిగ్నల్ చింతచెట్టు వైపు తిరిగితే వస్తుంది, ఇటు తిరిగితే పోతుంది. కోటేష్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. బొమ్మ కాసేపు గిర్రున తిరిగి తిరిగి ఒకచోట ఆగిపోయింది. గోడ మీద కమ్లి ఫొటో, దానికి బంతిపూల దండ. కింద దేవ్‌సింగ్ మోకాళ్ల మీద కూలబడి నోరు తెరిచి ఏడుస్తున్నాడు. ఇక కదలదు, మెదలదు.

"నాటకమే గదరా" అన్నారు ఎవరో.

కమ్లి చిన్నాయన దేవ్లా అక్కడ పెద్దమనిషి. తొందరపడే మనిషి కాదు. ఫోన్ చేతిలోకి తీసుకుని, కళ్లు చికిలించి, నిదానంగా ఆలోచించి చెప్పాడు. "నాటకంల ఎవడన్నా బతికున్న సొంత పెండ్లాం ఫొటోకు దండ ఏస్తడా? పిచ్చోడు గూడ ఎయ్యడు. పిల్ల పోయింది."

ఈ మాటకు అందరూ తలలూపారు. నిజమే కదా, ఎవడు వేస్తాడు! కోటేష్ అక్కకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. అంతే, కమ్లి చిన్నమ్మ చాంది గుండె బాదుకుంటూ లేచింది. అరగంటలో ట్రాలీ ఆటో ఒకటి, దాని వెనక నాలుగు మోటారు సైకిళ్లు పినపాక దారి పట్టాయి.

ఇక్కడ కమ్లి ఆదివారం గదా అని కుంకుడుకాయలతో తలంటుకుని, వాకిట్లో జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఫోన్ లోపల ఛార్జింగులో ఉంది. ఆటో ఆగింది. పుట్టింటి ఆడవాళ్లందరూ మొహాల మీద కొంగులు కప్పుకుని, తమ భాషలో శోకాలు పెడుతూ దిగుతున్నారు. ఎవరో పోయారు! ఎవరు పోయారని అడిగే ధైర్యం ఎక్కడుంది? పరిగెత్తుకుంటూ వెళ్లి చాంది చిన్నమ్మను కావలించుకుని తనూ భోరున ఏడ్చింది.

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టి చాలాసేపు ఏడ్చారు. చాందేమో కమ్లి చిన్నప్పటి గుణగణాలన్నీ ఎత్తి పాడుతోంది. తన పేరు ఎందుకు వస్తోందో కమ్లికి అంతుపట్టలేదు. ఏడుపు మధ్యలో ముక్కు చీది, "ఎవరు పోయిన్రు చిన్నమ్మా?" అంది.

"నువ్వే బిడ్డా!" అంది చాంది. అని తలెత్తింది. తడి జుట్టుతో, కుంకుడుకాయ వాసనతో, ఎదురుగా కమ్లి. చాంది చిన్నమ్మ వేసిన కేకకు పక్కింటి నాగక్క పొయ్యి మీది కూర వదిలి ఉరికొచ్చింది.

సాయంత్రం బస్సు దిగి దేవ్‌సింగ్ ఇంటికొచ్చాడు. చేతిలో ఉత్తమ నటుడి కప్పు. రెండో బహుమతి కూడా వచ్చింది, పై వారం కాక ఆపై ఆదివారం భద్రాచలంలో ఫైనలు. వాకిట్లో బంధువులను చూసి, తనను అభినందించడానికే వచ్చారనుకుని నవ్వు మొహంతో చేయి ఊపాడు. ఒక్కరూ తిరిగి ఊపలేదు. దేవ్లా నేల చూపులు చూస్తున్నాడు. కోటేష్ ఫోన్ చాపి, ఆగిపోయిన ఆ బొమ్మ చూపించాడు.

"ఏంది బావా ఇది?"

దేవ్‌సింగ్ ఫోన్ పక్కకు నెట్టాడు. "నాటకం కోటేషూ. వేరే ఎవరూ ఫొటో ఇయ్యరు. అందుకని..."

"గది సాకు" అంది గుమ్మంలోంచి కమ్లి.

అందరూ అటు తిరిగారు.

"నువ్వే గద చెప్తవ్, రోజూ అన్నం తినేటప్పుడు! మనిషి చేశేది అడుగుమనసుతోని, చెప్పేది సాకు. నువ్ చెప్పింది సాకు. అడుగుది చెప్పు. పదేండ్ల సంది నన్ను ఎందుకు సంపుతున్నవ్?"

కప్పు పట్టుకున్న చేయి కిందికి దిగిపోయింది. ఊళ్లో అందరి మనసులూ చదివిన మనిషి ఆ కప్పునే చదువుతున్నట్టు చూశాడు. "కమ్లీ, అట్ల గాదు, సైకాలజీలో..." అని ఏదో మొదలుపెట్టబోయాడు.

"అవ్, నేనేమన్న బస్సెక్కిన్నా? నాకు సైకాలజీ చెప్పకు" అని ఆమె లోపలికి వెళ్లి సంచీ సర్దుకుంది. ఫ్రేము ఎక్కడుందో మొగుడి నోటనే చెప్పించి, పగిడయ్య ఇంటికి వెళ్లి ట్రంకుపెట్టె తెరిపించింది, ఫ్రేము చంకలో పెట్టుకుంది. దండ తీసి, వెంట వచ్చిన మొగుడి చేతిలో పెట్టింది. "నిజం చెప్పబుద్ధయిన నాడు రా" అని పుట్టింటివాళ్ల ఆటో ఎక్కింది. ఏడవడానికి వచ్చినవాళ్లు మనిషిని ప్రాణాలతో తీసుకుపోయారు.

ఆ వారం దేవ్‌సింగ్ బస్సులో టికెట్లు తప్ప ఇంకేమీ కొట్టలేదు. జనం హాయిగా కిటికీల కోసం కొట్లాడుకున్నారు.

గోదాములో రిహార్సల్ మొదలైంది. ఫొటో కావాలి. పిచ్చయ్య తన నాయనమ్మ ఫొటో పట్టుకొచ్చాడు. "పోయి ముప్పై ఏళ్లయిందండీ, దండేసినా ఎవరూ ఏమనుకోరు" అన్నాడు. తొంభై ఏళ్ల ఆవిడ, పెద్ద ముక్కుపుడక, నువ్వెవడివిరా అన్నట్టు చూపు. దేవ్‌సింగ్ ఆవిడ ముందు నిలబడి "నువ్వున్నన్నాళ్లూ నీతో మాట్లాడ్డం చేతకాలేదు" అన్నాడు. ఏడుపు రాలేదు. మళ్లీ అన్నాడు. దగ్గు వచ్చింది. ఖాళీ గోడను చూసి ప్రయత్నించాడు, క్యాలెండరును చూసి ప్రయత్నించాడు. కళ్లలో ఒక్క చుక్క లేదు.

పగిడయ్య చాలాసేపు చూసి, తనే నులకమంచం చూపించాడు. "అన్నా, జర నువ్ పండుకో."

దేవ్‌సింగ్ పడుకున్నాడు.

"గా పన్నెండు నిమిషాల మాటలు వదినకు ఎన్నడన్న చెప్పినవా?"

గోదాము పైకప్పు రేకుల మీద పావురాలు నడుస్తున్న చప్పుడు వినిపించింది.

"లేదు" అన్నాడు దేవ్‌సింగ్.

సెలవు రోజున తండాకు వెళ్లాడు. కమ్లి ఇంట్లో లేదు. కోటేష్ మిర్చి చేలో కాయలు ఏరుతున్నారు, అక్కడుంది. పదిహేను మంది ఆడవాళ్లు సాళ్లు పట్టుకుని వంగి ఎర్రకాయలు కోస్తున్నారు. దేవ్‌సింగ్ గట్టు మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మాట్లాడాలంటే సాలు పట్టు. ఇక్కడ ఉత్తగ నిలవడితే కోటేష్ ఒప్పుకోడు" అంది కమ్లి తలెత్తకుండా.

పక్క సాలు పట్టాడు. కండక్టరు చేతులు, పని మరిచిపోయి ఎన్నాళ్లయిందో. కాయతో పాటు కొమ్మలు కూడా విరుస్తున్నాడు. చెమట పట్టి, అలవాటుగా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఇక చూడాలి! కళ్లు రెండూ నిప్పులైపోయి నీళ్లు ధారగా కారడం మొదలయ్యాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పని ఆపేశారు. "అయ్యో, ఎట్ల ఏడుస్తుండో చూడు మారాజు" అని ఒకామె ముక్కు మీద వేలేసుకుంది.

"అది మిర్చి ఏడుపు. చెయ్యి పెట్టుకున్నడు" అంది కమ్లి. సీసాలోని నీళ్లు తెచ్చి మొహాన గుమ్మరించింది. కొంగుతో తుడవబోయి ఆగి, కొంగు అతని చేతికిచ్చింది.

"నీ ఫొటో లేకుంటే నాకు ఏడుపస్తలేదు కమ్లీ" అన్నాడు కళ్లు మూసుకునే. "నీ మీద ప్రేమ లేకనా? ఉండబట్టే గద గా మాటలన్నీ..."

"ఫొటోకు చెప్పినవ్."

"అవ్."

"పదేండ్లు ఫొటోకు చెప్పినవ్. ఇంట్ల నేనున్న. పప్పు వడ్డిస్తున్న. నాకెందుకు చెప్పలే?"

అతను ఏదో అనబోయాడు. కమ్లి చేయెత్తి ఆపింది.

"నేను చెప్తా విను. గా రాఘవులు గదికి తాళం ఏశింది బెల్లం కోసం గాదు. బెల్లమట, బెల్లం! వానికి భయం. పెండ్లాం మాట్లాడుతదని భయం. తను ఒక్క మాటంటే ఆమె పది చెప్తది, గవన్నీ వినాలె. అందుకే ఆమెను సంపి, గోడకెక్కిచ్చి, దండేశి, ఇగ తీరిగ్గ ఏడుస్తుండు. ఫొటో తిరిగి మాట్లాడది గద. ఆమెకు పేరన్న పెట్టలే నువ్వు."

పదకొండేళ్లలో ఏ న్యాయనిర్ణేతా రాఘవులు గురించి ఇంత మాట చెప్పలేదు. దేవ్‌సింగ్ నోరెళ్లబెట్టి చూశాడు, అది కూడా మసకమసకగా. ఇరవై ఆరేళ్లలో తను ఆమెను ఏమైనా అడిగి, జవాబు వచ్చేదాకా ఆగిన రోజు ఒక్కటి గుర్తు తెచ్చుకుందామని ప్రయత్నించాడు. ఒక్కటీ దొరకలేదు. అతనికి నిజంగా సిగ్గేసింది.

"ఇంటికి రా కమ్లీ" అన్నాడు.

"ఇప్పుడు రాను. భద్రాచలం వస్త. నాటకం చూస్త. చూశినంక చెప్తా, వస్తనో రానో." అతను వస్తాడని ముందే అనుకుని తెచ్చుకున్నట్టుంది, సాలు చివరన చెట్టు కింద పెట్టిన సంచీలోంచి ఫ్రేము తీసి ఇచ్చింది. "దండ ఏస్తే మాత్రం ఊరుకోను."

దండ లేకపోతే రాఘవులు భార్య బతికున్నట్టే. బతికున్న భార్య కోసం రాఘవులు గోడ ముందు ఎందుకు ఏడుస్తాడు? బస్సులో ఒక ట్రిప్పంతా ఆలోచించాడు. జవాబు తన ఇంట్లోనే ఉంది, వెతకాల్సిన పని లేదు. ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. అలిగి వెళ్లింది. 'పోయావా' అన్న చోట పోయావా అనే ఉంచాడు. 'నన్ను ఒంటరిని చేశావు' అక్షరం మార్చలేదు. పన్నెండు నిమిషాల్లో ఒక్క వాక్యం కొట్టేయాల్సిన అవసరం రాలేదు. మొగుడు ఏడవడానికి పెళ్లాం చావాల్సిన పని లేదని అతనికి అప్పుడే తెలిసింది. ఆమెకు పేరు కూడా పెట్టాడు. వేరే పేర్లేవీ నప్పక, కమలమ్మ అన్నాడు.

ఆదివారం భద్రాచలంలో హాలు నిండింది. తండా నుంచి ఆడవాళ్లందరూ బస్సులో దిగారు, ఆడవాళ్లకు ఎటూ డబ్బుల్లేని జీరో టికెట్టే కదా. దేవ్లా, కోటేష్ కూడా వచ్చారు. మూడో వరస నిండా వాళ్లే, మధ్యలో కమ్లి. ఆడవాళ్లు కూర్చోవడానికి జాగా ఉండదన్న మొగుడి మాట గుర్తొచ్చి, చుట్టూ ఉన్న కుర్చీలన్నీ ఒకసారి తీరిగ్గా చూసింది.

తెర లేచింది. గోడ మీద ఫొటో, దండ లేదు. దేవ్‌సింగ్ దాని ముందు నిలబడ్డాడు. మొలకు తాళాలగుత్తి కట్టుకున్నాడు, కానీ చేయి దాని మీద నిలవడం లేదు. "నువ్వున్నన్నాళ్లూ నీతో మాట్లాడ్డం చేతకాలేదు కమలమ్మా" అన్నాడు. ఏడుపు వచ్చింది. గ్లిజరిన్ లేదు, మిర్చి లేదు. చాంది చిన్నమ్మ అప్పుడే కొంగు నోట్లో కుక్కుకుంది, ఈసారి పక్కనే ఉన్న కమ్లి చేయి గట్టిగా పట్టుకుని.

"నీ కోపం తీరేదాకా ఉంటా. ఒక్క మాట మాట్లాడు. ఒక్క మాట చాలు" అని ఫొటో వైపు చేతులు చాపాడు.

"ఫొటోను అడుగుతవేంది?" అంది మూడో వరసలోంచి ఒక గొంతు. "ఇటు తిరుగు."

హాలంతా ఘొల్లున నవ్వింది. పక్క తెర చాటున పగిడయ్య తల బాదుకున్నాడు. డాక్టరు వేషంలో ఉన్న పిచ్చయ్య, తన వంతు కాకపోయినా కంగారులో లోపలికొచ్చి, "రేపొస్తాను" అని మళ్లీ వెళ్లిపోయాడు.

దేవ్‌సింగ్ తిరిగాడు. కమ్లి లేచి నిలబడి ఉంది. కొంగు నడుముకు దోపుకుని, అంగన్‌వాడీలో పిల్లల ముందు నిలబడ్డట్టే నిలబడింది. నవ్వు మెల్లగా తగ్గింది. స్టేజీ మీద ఎప్పుడూ మాట తడబడని మనిషికి తరువాతి డైలాగు ఏమిటో తెలియలేదు, ఎందుకంటే ఇది అతను రాసింది కాదు. నడిచి నడిచి స్టేజీ అంచు దాకా వచ్చాడు. కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాడు.

"ఒక్క మాట చాలదు నాకు. శాన ఉన్నయ్" అంది కమ్లి.

వెనక బల్ల దగ్గర న్యాయనిర్ణేతలు టైము చూసుకుని గంట కొట్టారు. అతను కదల్లేదు. ఇంకోసారి కొట్టారు. మూడోసారి కొడితే నాటకం పోటీ నుంచి పోయినట్టేనని అతనికి తెలుసు, పదకొండేళ్లుగా తెలుసు. మూడోది కూడా కొట్టారు.

"ముందు నుంచి చెప్పు" అన్నాడు దేవ్‌సింగ్.

కమ్లి చెప్పడం మొదలుపెట్టింది.